చతురింద్రియ జీవదయ

సంవత్సరి దినమున ప్రతిక్రమణ సమయమందు 84 లక్షల జీవయోనులను వరుసగా తలచుకొని క్షమాపణ వేడుట జైన కుటుంబములలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. పృథ్వీకాయముతో మొదలై మనుష్యునితో ముగియు ఆ లెక్కలో నాలుగింద్రియముల జీవులకు 2 లక్షల యోనులు చెప్పబడినవి. ఉపాశ్రయములో ముహపత్తి చేతబట్టి కూర్చున్న శ్రావకుడు ఆ పదమును తక్కిన పదములతోపాటు ఒక్క ఊపిరిలో పలికి ముందునకు సాగును. ఆ చతురింద్రియ జీవులేవి, వాటికి తనవలన కలిగిన బాధ యేది అని నిలిచి విచారించువారు తక్కువ. బాకీ మాఫీ చేయుమని వేడుకొనుచు, ఆ బాకీ ఎవరికో, ఎంతయో ఖాతా తీసి చూడని వర్తకుని వంటివాడు అట్టి శ్రావకుడు.

స్పర్శ, రుచి, వాసన, చూపు అను నాలుగు ఇంద్రియములు గలవి చతురింద్రియములు. ఈగ, తేనెటీగ, తుమ్మెద, పతంగము ఈ తరగతిలోనివి. సీతాకోకచిలుకయు అందులోనిదే. జైనుని యింట దానిని ఎవ్వరును పట్టి చంపరు. పిల్లవాడు దాని రెక్క పట్టుకొన్నచో పెద్దలు మందలించి విడిపింతురు. నీరు వడగట్టి త్రాగుదురు, సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగింతురు, కందమూలములు ముట్టరు. ఇంత జాగ్రత్త గల యింటివారివలన సీతాకోకచిలుకకు కీడు కలుగునా యని సందేహము రావచ్చును. కలుగుచున్నది. ఆ కీడు చేతితో చేసినది కాదు గనుక కంటికి కనబడుట లేదు. దానిని చూడవలెనన్నచో దూరదేశము పోనక్కరలేదు. బెంగుళూరు నగరమునకు దక్షిణమున హోసూరు రోడ్డుమీద నున్న బొమ్మసంద్రకు పోయిన చాలును.

బొమ్మసంద్ర ఆనేకల్ తాలూకాలోని ఊరు. కన్నడ దేశపు ఊళ్ల పేర్లలో వచ్చు ‘సంద్ర’ యను మాట ‘సముద్ర’ శబ్దమునుండి వచ్చినది. పెద్ద చెరువు అని దాని తాత్పర్యము. ఆ దారిలోనే సింగసంద్ర, కమ్మసంద్ర అను ఊళ్లును గలవు. చెరువులు త్రవ్విన పెద్దలు ఊళ్లకు చెరువుల పేర్లే పెట్టిరి. ఒక చెరువు నిండిన పిమ్మట నీరు క్రింది చెరువునకు పోవుటకు రాజకాలువలు ఉండెను. ఊరి వెలుపల మామిడి, నేరేడు, చింత, కానుగ చెట్లతో గుండుతోపులు ఉండెను. ఇప్పుడచ్చట పారిశ్రామికవాడ యున్నది. మందులు, యంత్రభాగములు, దుస్తులు మొదలగునవి తయారగు కార్ఖానాలు వరుసగా నిలిచినవి. పడమరగా జిగణి వరకు అదే తీరు. జాతీయ రహదారిమీద లారీల రాకపోకలకు రాత్రి పగలు తేడా లేదు. 2025 ఆగస్టులో ఆర్.వి. రోడ్డునుండి బొమ్మసంద్ర వరకు, సుమారు 19 కిలోమీటర్ల మెట్రో రైలు మార్గము కూడ ప్రారంభమైనది. వ్యాపారము పెరిగినది, వేలాది కుటుంబములకు అన్నము దొరికినది. దానిని నిందించుట తగదు. అయినను చెరువులు కొన్ని కుంచించుకొని పోయినవి, కొన్నింటిలో మురుగు చేరినది. హెబ్బగోడి చెరువును బయోకాన్ ఫౌండేషన్ వారు పూనుకొని బాగు చేయించినారు. అట్టి పని ఇంకను అనేక చెరువులకు జరుగవలసి యున్నది. తోపులలో మిగిలినది ఇక్కడ నాలుగు చెట్లు, అక్కడ పది చెట్లు. పచ్చని నేల యంతయు చిరిగిన వస్త్రమువలె తునకలు తునకలైనది.

ఈ తునకలలో సీతాకోకచిలుక ఎట్లు బ్రదుకునో చూడవలెను. పెద్దదైన సీతాకోకచిలుక పూవులోని మధువును త్రాగును. ఆ మధువు ఏ పూవులో దొరికినను దానికి సమ్మతమే. దాని గొంగళిపురుగు మాత్రము అట్లు కాదు. ఒక్కొక్క జాతి పురుగునకు కొన్ని జాతుల మొక్కలే ఆహారము. ఆ ఆకు దొరకనిచో ఆకలితో చచ్చునే గాని వేరొక ఆకు తినదు. అందువలన తల్లి సీతాకోకచిలుక ఆకుమీద వ్రాలి, ముందరికాళ్లతో ఆకును తట్టి రుచి చూచును. రసనేంద్రియము దాని కాళ్లయందును గలదు. సరియైన ఆకు అని నిశ్చయమైన పిమ్మటనే గ్రుడ్డు పెట్టును.

కరివేపాకు, నిమ్మ, మారేడు మొక్కలమీద పెరుగు నలుపు పసుపుల సీతాకోకచిలుకను ప్రతి గృహిణియు ఎరుగును. దాని పిల్లపురుగు మొదట పిట్టరెట్టవలె కనబడి, పెద్దదైన పిదప ఆకుపచ్చరంగు దాల్చును. కూరలోనికి రెబ్బ త్రుంచునపుడు పురుగు కనబడిన, దానిని మరల చెట్టుమీదనే విడిచిపెట్టు తల్లులు జైన గృహములలో నేటికిని ఉన్నారు. నారింజరంగు రెక్కల అంచులు నలుపై యుండు ప్లెయిన్ టైగర్ జిల్లేడుమీద పెరుగును. లేతపసుపురంగు సీతాకోకచిలుకలు రేల, తంగేడు మొక్కలను ఆశ్రయించును. నల్లని కామన్ క్రో గన్నేరుమీదను, మర్రి కుటుంబపు చెట్లమీదను పెరుగును. ఆముదపు చెట్టుమీద ఒక జాతి, కానుగమీద మరియొకటి. చెట్టుకొమ్మలపై పెరుగు బదనికమీద సైతము ఒక అందమైన జాతి బ్రదుకును. నేలమీద ప్రాకు పల్లేరు, పాదములకు గ్రుచ్చుకొను ఆ పల్లేరే, వ్రేలిగోరంత నీలి సీతాకోకచిలుకకు తల్లియిల్లు. కర్ణాటక ప్రభుత్వము తన రాష్ట్ర సీతాకోకచిలుకగా ఎన్నుకొన్న సదరన్ బర్డ్‌వింగ్, అరచేయి కంటె పెద్దది, ఈశ్వరి తీగ కుటుంబముపై ఆధారపడినది.

ఈ పేర్లను చూచిన పాఠకులకు ఒక సంగతి తోచి యుండును. జిల్లేడు, పల్లేరు, తంగేడు, ఆముదము: కార్ఖానా ఆవరణను శుభ్రము చేయుమని యజమాని ఆజ్ఞాపించినప్పుడు మొదట పెరికివేయబడునవి ఇవియే. వాటి స్థానమున విదేశపు పచ్చిక పరచబడును. పచ్చికను వారము వారము కోయుదురు, మందు చల్లుదురు, ఎండుటాకులను ప్రోగుచేసి తగులబెట్టుదురు. ఆ ఆకులకు అంటుకొని నిద్రించు గూళ్లు కూడ వాటితోపాటు కాలిపోవును. యజమాని ఆ సమయమున కార్యాలయములో కూర్చుండి సామాయికము చేయుచుండవచ్చును. హింస జరిగినట్లు ఆయనకు తెలియదు. జరుగలేదని మాత్రము చెప్పుటకు వీలులేదు.

శ్రావకధర్మమును వివరించిన ఆచార్యులు వర్తకుల బ్రదుకు తెలిసినవారు. గృహస్థుడు సాధువువలె సర్వహింసను మానలేడని వారెరుగుదురు. వంటలో, వ్యాపారములో కొంత హింస తప్పదని ఒప్పుకొని, తప్పునది తప్పించుకొనుమని వ్రతములు విధించిరి. ఏడవ వ్రతమును చెప్పుచు 15 కర్మాదానములను, అనగా అధిక హింసతో కూడిన వృత్తులను, విడువుమనిరి. ఆనంద శ్రావకుని చరిత్ర గల ఉపాసకదశాంగ సూత్రములో ఆ పట్టిక యున్నది. అందు అడవులు నరికించుట యున్నది, నిప్పుపెట్టించుట యున్నది, విషపదార్థముల వర్తకము ఉన్నది. సరస్సులను, చెరువులను ఎండగట్టుట కూడ ఉన్నది. రెండువేల సంవత్సరములకు పైబడిన మాట యిది. బొమ్మసంద్ర పేరులోని చెరువును తలచుకొన్నచో ఆ నిషేధము ఎంత దగ్గరగా వచ్చి తగులునో తెలియును. నేటి శ్రావకుడు స్వయముగా చెరువును ఎండగట్టడు. పూడ్చిన చెరువులో వేసిన ప్లాటు అగ్గువకు వచ్చినదని కొనువాడు మాత్రము ఈ పట్టికను ఒకసారి చదువుకొనుట మంచిది.

ఎనిమిదవది అనర్థదండ విరమణ వ్రతము. ప్రయోజనము లేని హింసను మానుట దాని అర్థము. గోధుమలు మరపట్టించుటలో హింస యున్నను ప్రయోజనమున్నది. గోడవెంట పదడుగుల వెడల్పున ఎవ్వరును నడువని, ఎవ్వరును చూడని నేలలోని మొక్కలను నెలకు నాలుగుసార్లు కోయించుటలో ప్రయోజనమేమి? కోతకూలి, మందుల ఖర్చు, నీటి ఖర్చు పుస్తకములో పడును. లాభము వైపు పద్దు ఏదియు లేదు. ఇది అనర్థదండమే.

ఒక్క గోడవెంట నేలవలన ఏమగునని ఆక్షేపింపవచ్చును. ఈ ఆక్షేపణకు సమాధానము ఫిన్లాండు దేశములో దొరికినది. ఆ దేశమునకు చెందిన ఆలాండ్ దీవులలో సుమారు 4,000 చిన్న చిన్న పచ్చికబయళ్లు గలవు. ఇల్కా హాన్స్కి అను శాస్త్రజ్ఞుడు తన శిష్యులతో కూడి ఏటేట ఆ బయళ్లను తిరిగి, గ్లాన్‌విల్ ఫ్రిటిలరీ అను సీతాకోకచిలుక ఎచ్చట ఉన్నది, ఎచ్చట లేదు అని లెక్క తీసెను. ఏ బయలిలోను అది శాశ్వతముగా నిలువదని తేలినది. ఒక ఏడు ఒకచోట నశించును. మరుసటి ఏడు ప్రక్క బయలినుండి రెండు మూడు ఎగిరివచ్చి మరల సంతానమును నిలుపును. వర్తకులకు ఇది సులభముగా బోధపడును. ఒక ఊరిలోని దుకాణము నష్టపడిన, అన్నదమ్ముల దుకాణమునుండి సరుకు వచ్చి దానిని నిలువబెట్టును. అన్నదమ్ముల దుకాణములన్నియు మూతపడి ఒక్కటే మిగిలినచో, అది ఎంత బాగుగా నడచుచున్నను, ఒక్క చెడ్డ సంవత్సరముతో దివాలా తీయును. సీతాకోకచిలుకలకు గోడవెంట నేలలు, కాలువగట్లు, తోపులు అట్టి అన్నదమ్ముల దుకాణములు. ఒకదానికొకటి ఎగిరిపోగలిగినంత దూరములో అవి యుండవలెను.

చెడ్డ సంవత్సరములు ఇప్పుడు తరచుగా వచ్చుచున్నవి. 2022 సెప్టెంబరులో బెంగుళూరు తూర్పు, దక్షిణ భాగములు వరదనీట మునిగినవి. 2023లో వానలు తగ్గి, 2024 వేసవిలో నగరము నీటికై అల్లాడినది. మనుష్యుడు ట్యాంకరు తెప్పించుకొనును. సీతాకోకచిలుక గ్రుడ్డు పెట్టునది వాన తరువాత చిగిర్చిన లేత ఆకులమీద. వాన ముందుగా వచ్చి, చిగురు వేసిన పిదప నెలరోజులు ఎండ కాచినచో, పురుగు పెద్దది కాకమునుపే ఆకు ముదురును లేక ఎండును.

ఇది ఊహ కాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు జాస్పర్ రిడ్జ్ అను రక్షితభూమి కలదు. పాల్ ఎర్లిక్ అను ఆచార్యుడు 1960 ప్రాంతమున ఆరంభించి అచ్చటి బే చెకర్‌స్పాట్ సీతాకోకచిలుకలను ఏటేట లెక్కించుచు వచ్చెను. ఆ భూమిలో ఇండ్లు కట్టలేదు, మందు చల్లలేదు, వేటాడలేదు. అయినను 1998 నాటికి ఆ సీతాకోకచిలుక అచ్చట లేకుండ పోయినది. కారణములు పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2002లో తేల్చిన విషయము ఏమనగా, వానలు ఒక ఏడు అతిగా, ఒక ఏడు కొరతగా మారుటచే పురుగు ఎదుగు కాలమునకు, మొక్క ఎండు కాలమునకు పొత్తు తప్పినది. సంఖ్య పైకి క్రిందికి ఊగులాడి, ఊగులాడి, సున్నకు చేరినది. చుట్టును ఊళ్లు పెరిగి యుండుటచే ప్రక్కనుండి వచ్చి నిలువబెట్టు బంధువులును లేకపోయిరి. చిన్న తునక, చెడిన ఋతువు, ఈ రెండును కలిసినప్పుడు ఎంత భద్రముగా కాపాడినను ప్రయోజనము లేకపోవునని ఇది చాటుచున్నది. ఢిల్లీ చాందినీచౌకు లాల్ మందిరములో జైనులు నడపు పక్షుల ఆసుపత్రి లోకప్రసిద్ధము. గుజరాతు, రాజస్థానములలోని పాంజ్రాపోళ్లు ముసలి పశువులకు ఆశ్రయము. సీతాకోకచిలుకకు అట్టి ఆశ్రయము కట్టుటకు వీలులేదు. దానికి కావలసినది గది కాదు, దారి.

వేడి పెరిగినప్పుడు చల్లని తావునకు తరలిపోవుట దాని స్వభావము. ఐరోపాలో 35 జాతులను పరిశీలించిన పండితులు, ఇరువదవ శతాబ్దములో వాటిలో ఇంచుమించు మూడింట రెండు వంతుల జాతులు తమ నివాసములను 35 నుండి 240 కిలోమీటర్ల వరకు ఉత్తరమునకు జరుపుకొన్నవని 1999లో ప్రకటించిరి. తరలిపోవుటకు దారి యున్నవి తరలినవి. బొమ్మసంద్రలోని సీతాకోకచిలుక ఎచ్చటికి పోవలెను? పడమరగా జిగణి దాటిన పిమ్మట బన్నేరుఘట్ట అడవి యున్నది. 1974లో అది జాతీయ ఉద్యానవనమైనది. దాని చుట్టును రక్షణగా ఉంచదలచిన ప్రదేశము 2016 నాటి ముసాయిదాలో సుమారు 269 చదరపు కిలోమీటర్లు. 2020 మార్చిలో వెలువడిన తుది ప్రకటనలో అది సుమారు 169 చదరపు కిలోమీటర్లకు తగ్గినది. నూరు చదరపు కిలోమీటర్లు కాగితముమీద ఒక్క గీతతో పోయినవి. అడవికిని బొమ్మసంద్రకును నడుమ నున్నది కార్ఖానాల ఆవరణలే. ఆ ఆవరణలు పచ్చికతోను, సిమెంటుతోను నిండినచో దారి మూసికొనిపోవును.

బన్నేరుఘట్టలో 2006లో ఒక సీతాకోకచిలుకల ఉద్యానము తెరవబడినది. కప్పు క్రింద పూలమొక్కల నడుమ అవి ఎగురుచుండగా పిల్లలు చూచి సంతోషింతురు. చూపించదగినదే. అయినను అద్దాల బీరువాలోని నగ కొట్టునకు అలంకారమే గాని కొట్టు సరుకు కాదు. గోడ వెలుపల మొక్క లేనిచో కప్పు క్రింది వైభవమువలన జాతి నిలువదు.

ఇక తెలియక చేసిన దయ ఎంత కీడు చేయునో చెప్పవలసి యున్నది. దశవైకాలిక సూత్రము దయకంటె ముందు జ్ఞానమునకు స్థానమిచ్చినది. జీవుడెవడో, అజీవమేదో తెలియనివాడు సంయమమును ఎట్లు పాలించునని దాని తర్కము. ఇంగ్లండు దేశములో లార్జ్ బ్లూ అను నీలి సీతాకోకచిలుక ఉండెడిది. అది తగ్గిపోవుచుండుట చూచి అక్కడి దయాళువులు, పట్టుకొనిపోవువారినుండి దానిని రక్షింపదలచి, అది మిగిలిన బయళ్లకు కంచెలు కట్టించిరి. కంచె కట్టుటతో మనుష్యులతోపాటు పశువులును లోనికి పోవుట మానినవి. అదే కాలములో ఒక రోగము వచ్చి కుందేళ్లు చచ్చినవి. గడ్డి ఏపుగా పెరిగినది. చూచుటకు ఎంతో బాగున్నది. సీతాకోకచిలుక మాత్రము అంతకంతకు తగ్గి, 1979లో ఆ దేశమునుండి పూర్తిగా అంతరించినది.

జెరెమీ థామస్ అను యువకుడు ఏండ్ల తరబడి ఆ బయళ్లలో కూర్చుండి అసలు సంగతి కనుగొనెను. ఆ పురుగు కొద్దిదినములు ఒక మొక్క పూలను తిని నేలమీద పడును. అప్పుడు ఒక జాతి ఎర్రచీమ అది తమ పిల్లయే యని భ్రమించి పుట్టలోనికి మోసికొనిపోవును. పది నెలలు అది పుట్టలోనే యుండి చీమపిల్లలను తినుచు పెరుగును. చీమలకు చక్కెర చల్లు ఇండ్లవారికి ఈ కథ వినుటకు బాధగానే యుండును, సంసారము ఇట్టిది. ఆ చీమకు ఎండ తగిలి వెచ్చగా నుండు నేల కావలెను. గడ్డి పొట్టిగా మేయబడియున్నప్పుడే నేల వెచ్చబడును. గడ్డి పెరిగి నేల చల్లబడగా చీమ పోయినది; చీమ పోగా సీతాకోకచిలుక పోయినది. ఈ సంగతి తెలియుటకును, అది చచ్చుటకును ఇంచుమించు ఒకటే సమయమైనది. పిమ్మట స్వీడనునుండి ఆ జాతిని తెచ్చి, 1983 మొదలుకొని, పశువులను మేపి సిద్ధపరచిన బయళ్లలో విడువగా ఇప్పుడది మరల అక్కడ ఎగురుచున్నది. కంచె కట్టినవారిలో దయకు కొరత లేదు. వారు కంచెకు పెట్టిన ఖర్చులో కొంత తెలిసికొనుటకు పెట్టి యుండిన బాగుండెడిది.

ఈ సందర్భమున జైనులలోనే ఒక శంక పుట్టును. మొక్కలు నాటుటయు, పురుగులు పెరుగుటకు ఏర్పాటు చేయుటయు సంసారమును పెంచు పని కాదా? వనస్పతికాయ జీవులను పురుగునకు ఆహారముగా పెట్టుటలో పుణ్యమెక్కడిది? ఇది తేలికగా త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. లౌకిక దయకును, ఆత్మశుద్ధి కొరకైన దయకును భేదము చూపిన ఆచార్యపరంపర ఉన్నది. వారి మాట వినదగినదే. అయితే ఇచ్చట కావలసినదానిలో మూడు వంతులు చేయుట కాదు, మానుట. కోయకుండుట, చల్లకుండుట, తగులబెట్టకుండుట. మానుటకంటె జైనమునకు ప్రియమైన క్రియ యేది? తక్కిన ఒక వంతు మాత్రమే నాటుట. అదియును క్రొత్తగా సృష్టించుట కాదు; ఆ నేలలో నిన్నటివరకు ఉండి, భవనము కట్టునపుడు పెరికివేయబడినదానిని తిరిగి అప్పగించుట. తీసికొన్నది తిరిగి యిచ్చినవానిని దాతయని ఎవ్వరును పొగడరు. ఇయ్యనివానికి మాత్రము పేరు వేరుగా ఉన్నది.

లేశ్యలను బోధించుటకు పెద్దలు చెప్పు నేరేడుచెట్టు కథ ప్రతి పాఠశాల పిల్లవానికి తెలిసినదే. ఆకలిగొన్న ఆరుగురిలో ఒకడు చెట్టును మొదలంట నరుకుదమనును, చివరివాడు నేలరాలిన పండ్లు చాలుననును. ఆరుగురికి కావలసినది పండే. భేదము, అక్కరకు మించి ఎంత నాశనము చేయుదురను దానిలోనే ఉన్నది. ఆవరణ చుట్టుగోడకును కట్టడమునకును నడుమ నేలను ఏమి చేయుదురను దానిలోను ఆరు లేశ్యల మనుష్యులు కనబడుదురు.

వానాకాలమున జీవోత్పత్తి అధికమగును గనుక సాధువులు విహారము మాని ఒక్కచోట చాతుర్మాస్యము చేయుదురు. అడుగు తీసి అడుగు పెట్టినచో జీవహింస యగునని వారి భయము. అదే కాలమున గృహస్థుల ఆవరణలలో గడ్డికోత యంత్రములు ఎక్కువగా తిరుగుట విచిత్రము. వాన పడినందున గడ్డి పెరుగును, పెరిగినందున కోయుదురు. సాధువు పాదము మోపుటకు సంకోచించు ఋతువులో శ్రావకుని యంత్రము నేలనంతటిని గొరుగుచుండును.

ఈ ఋతువునకు సంబంధించిన విశేషము ఒకటి బెంగుళూరు వాసులు తల యెత్తి చూడదగినది. నల్లని రెక్కలమీద లేతనీలి చారలు గల బ్లూ టైగర్, దాని బంధువగు డార్క్ బ్లూ టైగర్, నల్లని క్రో జాతులు నైరుతి ఋతుపవనము ఆరంభమగునప్పుడు పడమటి కనుమల కుండపోతను తప్పించుకొని గుంపులుగా తూర్పు మైదానములకును, తూర్పు కనుమల వైపునకును ప్రయాణమగును. వానలు వెనుకబట్టిన పిదప, అక్టోబరు, నవంబరు మాసములలో వాటి సంతతి మరల పడమరకు తరలును. ఈ రాకపోకలకు బెంగుళూరు దారిలోనిది. అనగా సాధువులు కార్తిక పూర్ణిమ ముగించుకొని విహారమునకు బయలుదేరు రోజులలోనే ఇంచుమించుగా ఇవియు బయలుదేరును. సాధువు దారిలో గోచరీకి శ్రావకుల ఇండ్లు ఉండవలెను. లేనిచో విహారము కష్టము. ఈ బాటసారులకును పూవులు గల తావులు కొన్ని కోసుల కొకటి చొప్పున కావలెను. తుమ్మెద పూవును నొప్పింపక మధువు గ్రహించునట్లు సాధువు భిక్ష గ్రహింపవలెనని చెప్పిన సంప్రదాయము జైనులది. ఉపమానముగా నిలిచిన ఆ జీవికి పూవే దొరకనిచో ఎట్లు?

పనిలోనికి దిగదలచిన కుటుంబములకు కావలసిన వివరములు స్వల్పమే. ఆవరణలో ఒక అంచు, పదడుగుల వెడల్పు, వీలైనంత పొడవు. ప్రక్క ఆవరణవారి అంచుతో కలియునట్లు ఏర్పాటు చేసికొన్న మరియు మంచిది. రాజకాలువ ఆనుకొని యున్నచో ఆ వైపు నేలనే ఎన్నుకొనవలెను. కాలువగట్టు దారిగా పనిచేయును. కరివేప, నిమ్మ, మారేడు, రేల, కానుగ నాటవచ్చును. తంగేడు, జిల్లేడు, పల్లేరు నాటనక్కరలేదు. పెరికివేయకున్న అవే వచ్చును. జిల్లేడుపాలు కంటికి చెరుపు గనుక పిల్లలు తిరుగుచోట దానిని ఉంచరాదు. ముద్దపూలు పూయు అలంకారపు మొక్కలలో పెక్కింటి యందు మధువు దొరకదు. ఒంటిరెక్క పూలే మేలు. లాంటానా పూలమీద సీతాకోకచిలుకలు వ్రాలుట చూచి దానిని పెంచువారున్నారు. మధువు నిజమే గాని, అది అడవిలో ప్రాకి తక్కిన మొక్కలను అణగద్రొక్కును. బన్నేరుఘట్టలో దాని బాధ ఇప్పటికే యున్నది. పురుగు ఆకు తినినచో ఆ మొక్క చెడిపోయినదని విచారపడరాదు. తినుటకే అది యున్నది. మందు ఒక్కసారి చల్లినను అంతవరకు చేసినది వ్యర్థమగును. ప్రక్కనున్న కూరగాయల పాదుకు చల్లినదియు గాలికి కొట్టుకొని వచ్చును.

ఆ అంచులో కోత ఆషాఢమునుండి కార్తికము వరకు పూర్తిగా నిలుపవలెను. తరువాత కోయించినను ఒకేసారి కాక, సగము ఒక మాసము, సగము మరుసటి మాసము కోయించవలెను. గూళ్లలో నున్నవాటికి అప్పుడు చోటు మిగులును. కోసిన గడ్డిని తగులబెట్టక ఒక మూల ప్రోగువేయవలెను. బొమ్మసంద్ర కార్ఖానాలలో తోటపని చాలవరకు కంట్రాక్టుమీద జరుగుచున్నది. పనివారు మాటిమాటికి మారుచుందురు. నోటిమాటగా చెప్పినది వారివరకు చేరదు. కావున కంట్రాక్టు కాగితములోనే ఈ షరతు వ్రాయించుకొనవలెను. ఉంచవలసిన మొక్కలకు ఎర్రగుడ్డ కట్టించినచో, క్రొత్తగా వచ్చిన పనివాడును వాటిని గుర్తించి విడిచిపెట్టును.